ధరలతో పాటు పెరిగే బాండు, మా ఇంటి పద్దు పుస్తకం

మిర్యాలగూడ రైస్ మిల్లులో ముప్పై రెండేళ్లు పద్దులు రాసిన గుమాస్తాకు పెన్షన్ ఉండదు. సేటు దసరాకు బట్టలు పెడతాడు, మానేసే రోజున ఒక శాలువా కప్పుతాడు, అంతే. అందుకని యాభై దాటినప్పటి నుంచి నాకు ఒకటే గుబులు. దాచుకున్న పైసలు ఎక్కడికీ పోవు సరే, చెయ్యి ఆడని రోజున వాటికి బియ్యం ఎన్ని కిలోలు వస్తాయి?

2013 ఆఖరు గుర్తుందా? ఉల్లిగడ్డ కొనాలంటే జేబు తడుముకున్న రోజులవి. నవంబరులో వినియోగదారుల ధరల సూచీ, అంటే జనం కొనే సరుకుల ధరలకు ప్రభుత్వం వేసే లెక్క, ఏడాదిలో 11 శాతం పైన పెరిగిందని పేపర్లో చదివాను. అప్పుడే నాయిన నుంచి నా వాటాకు వచ్చిన కాలువ కింది భూమిని మా అన్నకే అమ్మాను. బిడ్డ పెళ్లి ఖర్చులు పోను మూడు లక్షలు మిగిలాయి. మూడు లక్షలు చేతిలో ఉన్నాయంటే ఊళ్లో ప్రతివాడూ సలహాదారే. నూటికి రెండు రూపాయల మిత్తికి ఇవ్వమన్నాడొకడు. వేములపల్లి దారిలో ప్లాటు ఉందన్నాడింకొకడు. చిట్టీ ఎత్తమన్నవాళ్లూ ఉన్నారు. ఆ ముందటేడే మా బావమరిది కట్టిన చిట్టీ ఆసామి రాత్రికి రాత్రే ఇంటికి తాళం వేసి పోయాడు, ఆ తాళం ఇప్పటికీ అట్లాగే తుప్పు పట్టి ఉంది. కాబట్టి ఆ మాట నా దగ్గర నడవలేదు. మా ఇంటామె మాత్రం ఒకే మాట మీద నిలబడింది.

"బంగారం కొను. ఎక్కడికీ పోదు, ఎవడికీ జవాబు చెప్పే పని లేదు."

నేను వినలేదు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

నేను కొన్నది ఇన్‌ఫ్లేషన్ ఇండెక్స్‌డ్ నేషనల్ సేవింగ్ సెక్యూరిటీస్ క్యుములేటివ్. పేరు ఇంత పొడుగ్గా ఉన్నా సరుకు సులువైనదే. కేంద్ర ప్రభుత్వం తరఫున రిజర్వు బ్యాంకు 2013 డిసెంబరు 23న అమ్మకం మొదలుపెట్టింది, 2014 మార్చి 31తో ఆపేసింది. పదేళ్ల గడువు. కనీసం ఐదు వేలు పెట్టాలి. ధరలు ఎంత శాతం పెరిగితే అంత, దాని మీద ఏడాదికి ఒకటిన్నర శాతం. ధరలు పెరగకపోయినా, తగ్గినా, ఆ ఒకటిన్నర మాత్రం తప్పదు. మిత్తి చేతికి రాదు, ఆరు నెలలకోసారి అసలులో కలుస్తుంది, మళ్లీ దాని మీద మిత్తి నడుస్తుంది.

మార్చి రెండో వారంలో మిల్లుకు సెలవు పెట్టి బ్యాంకుకు పోయాను. ఏ బ్యాంకో చెప్పను, ఎందుకంటే ఏ బ్యాంకుకు పోయినా అదే జరిగేదని తర్వాత తెలిసింది. కౌంటర్లో ఉన్న పిల్లగాడు పేపర్ ప్రకటన చూసి "ఇన్‌ఫ్రా బాండ్లా సార్, అవి బందైపోయినయి" అన్నాడు. కాదు బాబూ, ధరల బాండు అన్నాను. లోపలికి పోయి మేనేజరును అడిగొచ్చాడు. మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, బీమా పాలసీ కాగితం ముందర పెట్టాడు.

"పెద్దాయనా, దానికన్నా ఇది మంచిది. ఐదేళ్లు కడితే చాలు."

"సార్, నేను కొనొచ్చింది ఇది కాదు."

"ఆ బాండు ఎవరూ తీసుకుంటలేరు. మా బ్రాంచిలో మీరే మొదటోళ్లు."

ఆ మాటకు భయపడాలో సంబరపడాలో తెలియలేదు. వాళ్లు సర్క్యులర్ వెతికి, ఫారం ప్రింటు తీసి, నాతో మూడు చోట్ల సంతకం పెట్టించేసరికి భోజనాల వేళ దాటింది. వారం తర్వాత ఒక ఏ4 కాగితం చేతికి వచ్చింది, బాండ్ లెడ్జర్ ఖాతాలో నా పేరిట ఇన్ని ఉన్నాయని. నేను దాన్ని బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించి, పట్టాదారు పాసుపుస్తకం ఉండే ట్రంకు పెట్టెలో పెట్టాను. అసలు లెక్కంతా కంప్యూటరులో ఉంటుందని, ఆ కాగితం పోయినా పైసలు పోవని తర్వాత ఎవరో చెప్పి నవ్వారు. నవ్వితే నవ్వనీ. ప్లాస్టిక్ తొడిగిన కాగితం ఇచ్చే ధైర్యం వేరు.

మిత్తి కట్టే తీరు చెబుతాను, ఎందుకంటే ఈ బాండు బాగోగులన్నీ దాన్లోనే ఉన్నాయి. లక్ష పెట్టారనుకోండి. ఆరు నెలల్లో ధరల సూచీ 3 శాతం పెరిగితే, ఒకటిన్నరలో సగం ముప్పావు శాతం దానికి కలిపి 3.75. అంటే 3,750 రూపాయలు అసలులో చేరి లక్షా 3,750 అవుతుంది. వచ్చే ఆరు నెలల లెక్క దాని మీద. సూచీ ఈ నెలది ఈ నెలలోనే తేలదు కాబట్టి మూడు నెలల వెనకటి అంకె వాడతారు. మిల్లులో తేమ శాతం కోసినట్టు ఎవడి దయ మీదా ఆధారపడే లెక్క కాదిది. అంకె బయట అందరికీ కనిపిస్తుంది, ఇంట్లో కూర్చుని మనమే వేసుకోవచ్చు. నేను ప్రతి ఆరు నెలలకూ వేసుకున్నాను. నాకు ఈ బాండులో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఇక మా ఇంటి పద్దు. 1989లో పెళ్లయినప్పటి నుంచి ఎర్ర అట్ట పుస్తకంలో రోజువారీ ఖర్చు రాస్తున్నాను. మిల్లు అలవాటు ఇంటికీ అంటింది. బాండు గడువు తీరగానే నేను చేసిన మొదటి పని, 2014 పుస్తకం, 2024 పుస్తకం పక్కపక్కన పెట్టుకోవడం.

మొదట వడ్లు. వీటి ధర నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. 2013-14లో మామూలు రకం మద్దతు ధర క్వింటాలుకు 1,310. 2023-24లో 2,183. అంటే 66 శాతం పెరిగింది. ప్రభుత్వ ధరల సూచీ కూడా ఆ పదేళ్లలో 60 శాతానికి కాస్త ఎక్కువే పెరిగింది. రెండూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. సన్నబియ్యం కూడా మా పుస్తకంలో ఇంచుమించు అదే దారిలో ఉంది, నలభై నుంచి అరవై పైకి. ఇక్కడిదాకా బాండు మాట నిలబెట్టుకున్నట్టే. లెక్క చూసి నా వీపు నేనే తట్టుకున్నాను.

తర్వాత పేజీలు తిప్పాను. సబ్సిడీ సిలిండరు 2014లో నాలుగు వందల చిల్లర. 2023లో పదకొండు వందలు దాటి, ఆగస్టు ఆఖరున రెండు వందలు తగ్గింది. తగ్గిన ధర వేసుకున్నా రెండింతల పైమాటే. మందుల ఖర్చు 2014లో నెలకు 340 రూపాయలు, మా ఇంటామె బీపీ గోళీలు ఒక్కటే. 2024లో ఇద్దరికీ కలిపి 2,900. ఇందులో ధరలు పెరిగింది కొంత, మేం ముసలివాళ్లమైంది కొంత. సూచీలో వయసుకు గడి లేదు. ఆ రోజుల్లో సూచీలో తిండి వాటా 45.86 శాతం ఉండేది, ఆరోగ్యం వాటా ఆరు శాతం కూడా ఉండేది కాదు. మా ఇంట్లో ఇద్దరం తినేది ఇంత, మింగేది అంత. మంచినీళ్ల క్యానుకు కూడా రోజూ ఖర్చే, ఫ్లోరైడు పేరు విన్న జిల్లాలో ఆ ఖర్చుకు ఎవరూ గొణగరు. బాండు అబద్ధం ఆడలేదు. దేశం మొత్తానికి వేసిన సగటు ఇస్తానంది, అదే ఇచ్చింది. మా వంటిల్లు దేశం సగటు కాదు, అది నేను కొనేటప్పుడే ఆలోచించుకోవాల్సింది.

ఇప్పుడు చేదు సంగతి. లక్షకు లక్షా తొంభై వేల లోపే వచ్చింది. నా మూడు లక్షలు ఐదున్నర లక్షలు దాటి ఆరు లక్షలు కాకుండా ఆగాయి. ఏడాదికి ఆరున్నర శాతం దగ్గర పడింది. నేను కొన్న రోజుల్లో బ్యాంకులు ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు తొమ్మిది శాతం దాకా ఇస్తున్నాయి. పదేళ్లకు 8.5 శాతానికే వేసి మర్చిపోయి ఉన్నా లక్షకు 2 లక్షల 31 వేలు అయ్యేది. అంటే నా మూడు లక్షల మీద లక్షా పాతిక వేల పైన తేడా. మా అల్లుడు ఈ లెక్కను ఫోనులో వేసి చూపించి "మామయ్యా, ఏమనుకోకండి" అన్నాడు. అనుకోవడానికేముంది, కూడిక కూడికే.

ఎందుకట్లయింది? 11 శాతం జ్వరంలో ఉన్నప్పుడు ఇది ఎప్పటికీ తగ్గదనిపించి కొన్నాను. అమ్మిన రిజర్వు బ్యాంకే తర్వాత జ్వరం తగ్గించే పని మీద కూర్చుంది. 2016లో చట్టాన్నే మార్చి, ధరల పెరుగుదలను 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతంలో ఉంచాలని లక్ష్యం పెట్టారు. 2017 జూన్‌లో అయితే పెరుగుదల ఒకటిన్నర శాతం దగ్గరికి పడిపోయింది. ఆ ఏడు నా బాండు ఇచ్చింది మూడు శాతమే. మూడేళ్లు నిండాయి కాబట్టి చివరి విడత మిత్తిలో సగం కోయించుకుని బయటపడే వీలుండింది. నేను మొండికేసి కూర్చున్నాను. అప్పటికి డిపాజిట్ రేట్లు కూడా పడిపోయాయి కాబట్టి దిగినా పెద్ద లాభం లేదులెండి. మూడేళ్లు తిరగకుండానే కరోనా వచ్చింది. 2020 అక్టోబరులో ధరలు 7.6 శాతం పెరిగితే బ్యాంకుల్లో డిపాజిట్‌కు ఐదున్నర దొరకడం గగనమైంది. ఆ నెల అంకెకు నా బాండు ఒకటిన్నర కలిపితే తొమ్మిది శాతం దాటుతుంటే అల్లుడికి నేనే ఫోన్ చేశాను. పదేళ్లలో నేను గెలిచింది ఆ ఒకటి రెండేళ్లే, ఒప్పుకుంటాను. మళ్లీ 2013 లాంటి ధరలు పదేళ్లు నడిచి ఉంటే ఇదే అల్లుడు నన్ను తెలివిగలవాడు అనేవాడు.

పన్ను సంగతి ఒక్క మాట. మిత్తి మొత్తానికీ పన్ను ఉంది. పైసలు వచ్చిన ఏడాదిలోనే మొత్తం మిత్తిని ఆదాయంగా చూపిస్తే ఒక్కసారిగా పెద్ద అంకె కనబడుతుంది. నాకు వేరే ఆదాయం పెద్దగా లేదు కాబట్టి గట్టెక్కాను. జీతగాళ్లయితే అంత సులువుగా పోయేది కాదు.

గడువు తీరిన రోజున పైసలు రాలేదు. వారం చూశాను, రాలేదు. ఈ పదేళ్లలో నా బ్యాంకు ఇంకో బ్యాంకులో కలిసిపోయింది, ఐఎఫ్‌ఎస్‌సీ మారింది, నా ఫోన్ నంబరు కూడా మారింది. బాండు కాగితాల్లో పాతవే ఉన్నాయి. పైసలు బయల్దేరి, చిరునామా దొరక్క వెనక్కి పోయాయి. బ్యాంకుకు నాలుగుసార్లు తిరిగాను. మొదటిసారి కంప్యూటర్ పనిచేయలేదు, రెండోసారి ఆ సెక్షన్ సార్ లీవు, మూడోసారి క్యాన్సిల్ చేసిన చెక్కు తెమ్మన్నారు, నాలుగోసారి తీసుకున్నారు. అక్కడున్న ఎవరికీ ఆ బాండు పేరు తెలియదు. నా లామినేషన్ కాగితం చూసి ఒక అమ్మాయి "ఇది మీరే చేయించారా అంకుల్?" అంది. ఇరవై మూడు రోజులకు పైసలు పడ్డాయి. ఆలస్యమైన ఆ ఇరవై మూడు రోజులకు మిత్తి లేదు. ఎవరి దగ్గరైనా పాత బాండు ఏదున్నా, గడువుకు రెండు నెలల ముందే ఖాతా వివరాలు సరిచూసుకోండి. ఆ రోజులు నేను పడ్డ టెన్షన్ పదేళ్లలో పడలేదు.

ఇప్పుడు ఆ బాండు దొరకదు. కొత్తగా కొనాలంటే ప్రభుత్వ బాండ్లలో నాలాంటివాడికి మిగిలింది ఫ్లోటింగ్ రేట్ సేవింగ్స్ బాండు, 2020 జులై 1న వచ్చింది. 2024లో నేను దీన్లో రెండు లక్షలు పెట్టాను. మూడు లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో వేశాను. అది 8.2 శాతం, మూడు నెలలకోసారి 6,150 పడతాయి, దాని గురించి చెప్పడానికి ఇంతకుమించి ఏమీ లేదు, బాగుంది. మిగిలింది ఇంటి పైకప్పు మింగింది.

ఫ్లోటింగ్ బాండు చాలామంది అనుకున్నట్టు ధరలతో పాటు పెరిగేది కాదు. పోస్టాఫీసు నేషనల్ సేవింగ్స్ సర్టిఫికెట్ (ఎన్‌ఎస్‌సీ) రేటుకు 0.35 కలిపి ఇస్తారు. ఎన్‌ఎస్‌సీ రేటు ప్రభుత్వం మూడు నెలలకోసారి చూసి నిర్ణయిస్తుంది, బాండు రేటు మాత్రం ఆరు నెలలకోసారి మారుతుంది. మొదట్లో 7.15 ఉండేది, 2023 జనవరిలో 7.35, ఆ జులై నుంచి 8.05. ఇక్కడే కిటుకు. 2022 ఏప్రిల్‌లో ధరలు 7.79 శాతం పెరిగినప్పుడు ఈ బాండు 7.15 దగ్గరే కూర్చుంది, పాత బాండు ఆ రోజు దీన్ని వెక్కిరించింది. 2025 అక్టోబరులో ధరల పెరుగుదల పావు శాతానికి పడిపోయింది, అప్పుడూ ఇది 8.05 ఇచ్చింది. పాత బాండే ఉండి ఉంటే ఆ ఏడు నాకు ఎంత దక్కేదో తలుచుకుని నవ్వుకున్నాను.

దీనికి గడువు ఏడేళ్లు. అరవై నుంచి డెబ్బై మధ్య వయసువాళ్లు ఆరేళ్లకు, డెబ్బై దాటితే ఐదేళ్లకు, ఎనభై దాటితే నాలుగేళ్లకు తీసుకోవచ్చు, చివరి ఆరు నెలల మిత్తిలో సగం కోత పడుతుంది. మిత్తి జనవరి 1న, జులై 1న ఖాతాలో పడుతుంది, అసలులో కలుపుకునే వీలు లేదు. పాత బాండును అవసరానికి బ్యాంకులో కుదువ పెట్టుకునే వీలుండేది, దీనికి అదీ లేదు. ఇంకొకరికి అమ్మలేరు. అంటే ఆసుపత్రి ఖర్చుకు అక్కరకొచ్చే పైసలు ఇందులో పెట్టకూడదు. వెయ్యి రూపాయల నుంచి కొనొచ్చు, ఎంతవరకైనా కొనొచ్చు.

ఈసారి బ్యాంకుకు పోలేదు. రిజర్వు బ్యాంకు వాళ్లదే రిటైల్ డైరెక్ట్ అని ఒకటుంది, 2021 నవంబరులో మొదలైంది, ఫీజు లేదు. హైదరాబాద్‌లో ఉండే మా బిడ్డ పండుగకొచ్చినప్పుడు తన ల్యాప్‌టాప్‌లో ఖాతా తెరిపించింది. వీడియోలో ముఖం చూపించాలి, పాన్ కార్డు కెమెరా ముందు పట్టుకోవాలి. నా చెయ్యి వణికి అక్షరాలు కనబడలేదు. "నాయినా, గోడకు ఆనించు" అని బిడ్డ, "అంకుల్, కొంచెం దూరం పెట్టండి" అని అవతలి అబ్బాయి, మధ్యలో కరెంటు పోయింది. రెండోసారికి అయింది. చిరాకు పడ్డ మాట నిజమే గానీ బీమా పాలసీ కాగితం ముందర పెట్టే మనిషి లేడు, దానికే సగం మార్కులు. పన్ను కోయొద్దని రాసిచ్చే ఫారం (నేను ఇచ్చినప్పుడు దాని పేరు 15హెచ్) ఇవ్వడం మాత్రం మరిచిపోవద్దు, లేకుంటే పన్ను కట్టేంత ఆదాయం లేకపోయినా మిత్తిలోంచి ముందే పన్ను (టీడీఎస్) కోస్తారు, తర్వాత రిటర్ను వేసి తెచ్చుకోవాలి.

మార్కులు వేయమంటే పాత ధరల బాండుకు ఐదుకు మూడు. పైసలు పోలేదు, విలువ పోలేదు, ఆశ కొంత పోయింది. ఫ్లోటింగ్ బాండుకు ఇప్పటికి మూడున్నర, రేటు తగ్గిన రోజున మళ్లీ చూస్తాను. నూటికి రెండు మిత్తి మరిగినవాళ్లకు రెండూ చప్పగా ఉంటాయి. చిట్టీ ఆసామి ఇంటి తాళం చూసొచ్చినవాళ్లకు నచ్చుతాయి.

2025 జనవరి 1న మొదటిసారి పూర్తి ఆరు నెలల మిత్తి పడింది, 8,050. మెసేజ్ వచ్చిన సంగతి చెబితే మా ఇంటామె కూర తరుగుతూనే అడిగింది, "దానికి బంగారం ఎంతొస్తది?" ఆ రోజు ఆభరణాల బంగారం ఒక గ్రాము వచ్చేది, కొంత చిల్లర కూడా మిగిలేది. 2014లో నేను బాండు కొన్నప్పుడు పది గ్రాముల మేలిమి బంగారం ముప్పై వేల దగ్గర ఉండింది, గడువు తీరేసరికి అరవై వేలు దాటింది, ఆ తర్వాత దానికి పగ్గాలే లేవు. జులై 1న మళ్లీ మెసేజ్ వచ్చింది, అదే 8,050. నేను ఫోన్ జేబులో పెట్టుకుని చెప్పకుండా ఊరుకున్నాను. ఆమె నా ముఖం చూడనే చూసింది.

"పడ్డయా మిత్తి పైసలు? పోయిన్సారి గ్రామన్నా వస్తుండె. ఇప్పుడదీ రాదు, నేను పొద్దున్నే టీవీలో చూసిన."